మంచి చెవి వైపు

నాన్నకు,

నమస్కారాలు. అమ్మా నేనూ ఇక్కడ క్షేమంగా ఉన్నాం. ఈ మాట ఎప్పటిలా చేతి అలవాటు కొద్దీ రాయలేదు. కలం ఆపి, నిజమేనా అని ఒకసారి చూసుకుని రాశాను. చాలావరకు నిజమే. ఓడలో నువ్వూ, నీతో పనిచేసేవాళ్లూ బాగున్నారని తలుస్తాను.

ఈ ఉత్తరంలో ఒక సంగతి ఉంది. నా ఆరోగ్యం గురించి. హడలిపోవాల్సింది కాదు, కానీ వరసగా చెబితేనే అర్థమవుతుంది. ముందు ఆఖరి కాగితం తిప్పి చూడటం నీ అలవాటు. ఈసారికి అలా చెయ్యకు.

నీ ప్రశ్నలకు ముందు జవాబులు. అమ్మ కుట్టుమిషను బాగా నడుస్తోంది. నువ్వు చెప్పినట్టే మోటారు తీగ మార్పించాం. బాత్రూము బల్బు మళ్లీ మాడిపోయింది. ఇంట్లో కరెంటు పని నీదే కాబట్టి నువ్వు వచ్చేదాకా ముట్టుకోనని అమ్మ శపథం చేసింది. చీకట్లోనే స్నానాలు. పై వాటాలోకి కొత్తగా ఒక టీచరుగారు వచ్చారు. మొన్న మెట్ల మీద అమ్మను ఆపి, మీ ఇంట్లో రోజూ ఏమైనా గొడవలా అని మెల్లిగా అడిగారట. గొడవలు కాదండీ, మా ఆయనకు చెవుడు, ఆయన ఓడెక్కి వెళ్లినా మా గొంతులు ఇంకా దిగలేదు అని అమ్మ చెప్పిందట. ఆ చెప్పడం కూడా అరిచి చెప్పి ఉంటుంది. టీచరుగారు నమ్మినట్టు లేదు.

ఇక మీ వంటాయన విషయం. వాళ్ల చెల్లెలి మెదడులో కణితి ఉందని ఇంటి నుంచి కబురొచ్చిందనీ, అప్పటినుంచీ కూరల్లో ఉప్పు మరిచిపోతున్నాడనీ రాశావు. మా అమ్మాయి అలాంటి చోటే పనిచేస్తుంది, కనుక్కుంటానులే అని మాటిచ్చావట. నీ ప్రశ్న నా ముందే ఉంది: "మెదడులో గడ్డ అంటే ఇక అంతేనా?"

అంతే కాదు నాన్నా.

నేను డాక్టర్ని కానని వాళ్లకు చెప్పు. ఆపరేషనులో తీసిన ముక్కను మైనంలో దిమ్మగా పోసి, వెంట్రుకకన్నా పల్చటి పొరలుగా కోసి, గాజు స్లైడు మీద పరిచి, రంగులద్ది డాక్టరు చేతికివ్వడం వరకే నా పని. కోసిన పొరలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి రిబ్బనులా వస్తాయి. గోరువెచ్చటి నీళ్ల మీద వేస్తే ముడతలు విప్పుకుంటాయి. ఆ కాసేపు తుమ్మకూడదు. తుమ్ము వస్తే లేచి బయటికి పరుగెత్తాలి. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి, అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు. డాక్టరు మైక్రోస్కోపులో చూస్తూ చెప్పేది పక్కన నిలబడి వింటాను. ఇప్పుడు రాసేదంతా అలా విన్నదీ, ఆ తర్వాత లైబ్రరీలో వెతుక్కుని చదివిందీ.

మెదడు కణితి అనేది ఒక జబ్బు కాదు. ఓడలో దీపాలు ఆరిపోతే ముందు ఎక్కడ పోయింది అని చూస్తావు కదా. ఇక్కడ మొదటి ప్రశ్న, ఇది దేంట్లోంచి పుట్టింది అని. మెదడు మీద కప్పుకున్న పొరలుంటాయి. వాటిలోంచి పుట్టేది మెనింజియోమా. అది ఎక్కువగా ఆడవాళ్లలో కనిపిస్తుంది. చాలావరకు మెల్లగా పెరుగుతుంది. మెదడును పక్కకు నొక్కుతుందే గానీ సాధారణంగా లోపలికి చొరబడదు. మా దగ్గరికి వచ్చేవాటిలో చాలా వాటిని డాక్టరు చూసి ఊపిరి తేలిగ్గా వదులుతుంది. మెదడు లోపల, నీ ఓడ గోడలకు తీగల్ని పట్టి ఉంచే క్లిప్పుల్లా, నరాల కణాలను ఆనుకుని నిలబెట్టే కణాలుంటాయి. వాటిలోంచి పుట్టేవి గ్లయోమాలు. అందులోనూ ఎన్నో రకాలు. కొన్ని ఏళ్ల తరబడి కదలవు. కొన్ని తడి కాగితం మీద సిరాలా పాకుతాయి, అంచు ఎక్కడో కత్తికి దొరకదు. ఆ రకం కఠినమైంది. దాని గురించి నీకు అబద్ధం చెప్పను.

మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఒకటుంది. దానిలో వచ్చేది పెరిగితే చూపును పక్కల నుంచి తినేస్తుంది. దాన్ని చాలాసార్లు ముక్కులోంచి దారి చేసుకుని తీసేస్తారంటే నువ్వు నమ్మవు. చిన్నమెదడులో వచ్చేది ఒకటుంది, ఎక్కువగా పిల్లలకు. ఆ దిమ్మ కోసే రోజు మాలో ఎవరూ జోకులు వేయరు. కానీ ఆపరేషను, రేడియేషను, మందులు అన్నీ పడి, కోలుకుని బడికి వెళుతున్న పిల్లలున్నారు. వాళ్లలో ఒకమ్మాయి ఏటా పరీక్షకు వచ్చినప్పుడు మా కిటికీ దగ్గర ఆగి నాలుక బయటపెట్టి వెళుతుంది. ఇవికాక ఊపిరితిత్తిలోనో రొమ్ములోనో పుట్టి, రక్తం వెంట వచ్చి మెదడులో దిగేవి ఉన్నాయి. వాటి వైద్యం వేరు.

కాబట్టి వంటాయనను ముందు దాని పేరేమిటో, గ్రేడు ఎంతో (ఒకటి అంటే మెల్లగా పెరిగేది, నాలుగు అంటే కఠినమైంది), ఎక్కడుందో కనుక్కోమను. అవి తెలిశాక భయపడాల్సినది ఉంటే అప్పుడు భయపడవచ్చు. ఈలోగా కూరల్లో ఉప్పు వేయమను.

ఇంకొక రకం మిగిలింది. నరం మీద ఉండే తొడుగులోంచి పుట్టేది. దాన్ని కావాలనే ఆఖరికి ఉంచాను.

మా ల్యాబులో పెద్ద టెక్నీషియన్ని మేం మైనం మామయ్య అంటాం. ఆయన చొక్కాలు ఉతికినా మైనం వాసన పోదు. స్లైడ్లు రంగులో ముంచాక, ఇంత సేపని ఒక చిన్న గడియారానికి గంట పెట్టుకుంటాం. చాలా సన్నటి గంట. నా గడియారం బల్లకు ఎడమ చివర ఉండేది. అది మోగుతూనే ఉండేదట, నేను నా పని చేసుకుంటూనే ఉండేదాన్నట. మామయ్య లేచి వచ్చి దాన్ని నొక్కి వెళుతూ, "దిమ్మల్లో పొయ్యమంటే చెవుల్లో పోసుకున్నావా అమ్మాయ్, మైనం?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఒకరోజు ఆయన భోజనానికి వెళ్లినప్పుడు గంట మోగింది. స్లైడ్లు రంగులోనే ఉండిపోయి, ఆయన వచ్చేసరికి సిరాబుడ్డిలో పడ్డట్టు నీలంగా తేలాయి. మర్నాటి నుంచి నా గడియారం బల్లకు కుడి చివర ఉంది. సర్దినప్పుడు ఎవరో జరిపారనుకున్నాను. ఆ తర్వాత ఒక్క గంట కూడా వదల్లేదు.

వారం గడిచాక మామయ్య నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"గడియారం జరిపింది నేనే. పరీక్ష చేద్దామనే జరిపాను. నీకు ఎడం చెవి వినపడట్లేదమ్మా. ఎడం పక్క నుంచి పిలిస్తే పలకవని, పుస్తకాల పిల్ల, గర్వం కాబోలు అనుకున్నాం ఇన్నాళ్లూ. తప్పు మాదే. వెళ్లి చూపించుకో."

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ మిషను ఆపకుండానే, "ముక్కు మీ నాన్నది, మొండితనం మీ నాన్నది, చెవి ఒక్కటే తక్కువైంది. ఇప్పుడు అదీ వచ్చింది" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అలా నవ్వుతూనే కొన్ని నెలలు గడిపేశాం. ఇలాంటి పొరపాటు మన ఇంట్లో తప్ప ఎక్కడా జరగదు నాన్నా. నీ కుడి చెవిని ఇంజిను గది తినేసినప్పటినుంచీ మనం మాట్లాడటం మానేసి కేకలు వేయడం మొదలుపెట్టాం. రేడియో వీధి చివరికి వినపడేది. అంత హోరులో ఒక చెవి మెల్లమెల్లగా మూసుకుపోతుంటే ఎవరికి తెలుస్తుంది? కాన్వెంటు బడిలో సిస్టరు నన్ను మొదటి బెంచీలో ఎడమ చివర గోడ పక్కన కూర్చోబెట్టేది, బుద్ధిమంతురాలినని. అప్పటికే ఇది మొదలైందో లేదో డాక్టర్లు చెప్పలేరు. అయినా నా ఎడమ పక్కన గోడ తప్ప ఎవరూ లేరు. గోడ నన్ను ఎప్పుడూ పిలవలేదు.

తర్వాత ఒకరోజు హాస్పిటలు మెట్లు దిగుతుంటే నేల ఎడమకు ఒరిగినట్టయింది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయాను. అప్పుడు వెళ్లి చూపించుకున్నాను. ఎమ్మారై తీశారు. ఎడమ చెవి వెనక, లోపల మెదడు కాడను నొక్కుతూ, పెద్ద ద్రాక్షపండంతది ఒకటి తెల్లగా కనిపించింది. సర్జనుగారు నోరు విప్పకముందే దాని పేరు నాకు తెలిసింది. ష్వానోమా. చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీది తొడుగులో పుడుతుంది. నీ భాషలో చెప్పాలంటే తీగలో లోపం లేదు, తీగ మీది ఇన్సులేషను ఉబ్బి తీగను నలిపేసింది. క్యాన్సరు కాదు. ఎక్కడికీ పాకదు. కానీ ఇంత పెరిగాక వదిలేస్తే లోపల నొక్కడం ఎక్కువవుతుంది, తీసేయాల్సిందే అన్నారు.

ఇప్పుడు నువ్వు ఏం ఆలోచిస్తావో నాకు తెలుసు. చిన్నప్పుడు ఓడ రేవులో ఉండగా నన్ను ఇంజిను గదికి తీసుకెళ్లావు, ఆ చప్పుడు వల్లే అనుకుంటావు. నేను అడిగాను. ఆ కాసేపటి చప్పుడుకు ఇలాంటివి పుట్టవన్నారు. నీ దగ్గర్నుంచి వచ్చిందా అనీ అడిగాను. రెండో వైపు కూడా చూశారు, అక్కడ ఏమీ లేదు, వంశంలో వచ్చే రకం కాదన్నారు. నీ చెవి వేరు, నా చెవి వేరు. అమ్మ మాట తప్పు. ముక్కు విషయంలో మాత్రం నిజమే.

దాచింది ఇది ఒక్కటే అయితే ఇంత జంకేదాన్ని కాదు. ఇంకొకటుంది. ఆ పండు మీద ఇంకో నరం తడిబట్టలా అతుక్కుని ఉంది. ముఖాన్ని కదిలించే నరం. సర్జనుగారు కాగితం మీద బొమ్మ గీసి రెండు దారులు చూపించారు. మొత్తం గీకి తీసేస్తే మళ్లీ రాదు, కానీ ఆ నరం దెబ్బతిని ముఖం ఎడమ సగం జారిపోవచ్చు. నరం మీద పల్చటి పొర ఒకటి వదిలేస్తే ముఖం దక్కే అవకాశం ఎక్కువ, కానీ ఆ పొర మళ్లీ పెరగవచ్చు, ఏటా స్కానింగు తీసి చూసుకోవాలి. వినికిడి ఎలాగూ పోతుంది. "ఏది కావాలో నువ్వే చెప్పాలమ్మా" అన్నారు.

అమ్మ, మీ నాన్నను అడుగుదాం అంది. నడిసముద్రంలో నీకు ఫోను అందదు, ఉత్తరం వెళ్లి జవాబు వచ్చేదాకా ఆగే వీలు లేదు. నేను అద్దంలో ముఖం చూసుకునేది జడ వేసుకునేటప్పుడే. ఫొటో అంటే వెనక వరసలో దాక్కుంటాను. ఇలాంటి ముఖం కోసం మళ్లీ పెరిగే ప్రమాదం తెచ్చుకోవడమా అనుకున్నాను. తర్వాత ఒక చిన్న విషయం గుర్తుకొచ్చింది. గుంపులో మాటలు దొరక్కపోతే నేను నవ్వి ఊరుకుంటాను. నాకున్న సంభాషణలో సగం అదే. అది వదులుకోలేకపోయాను. పొర వదిలేయండి అని చెప్పి సంతకం పెట్టాను. నిన్ను అడగలేదు. అదే నేను దాచింది.

ఎల్లుండి ఆపరేషను. ఉత్తరం ఇప్పుడే పోస్టులో వేసొస్తానని అమ్మ తలుపు దగ్గర నిలబడింది. దాచినట్టు తెలిస్తే మీ నాన్న నన్ను బతకనివ్వడు అంటోంది. నేను ఇవ్వలేదు. సగం ఉత్తరం చదివి నడిసముద్రంలో నువ్వు ఏం చేస్తావు? మిగతా సగం నేనే రాసి పంపుతాను. ఇలా రాసి పెట్టాక రాయక తప్పదు కదా.

*

నాన్నా, మిగతా సగం ఇది. నేనే రాస్తున్నాను.

అక్షరాలు వాలిపోతున్నాయి, చూశావా? తల వంచితే గది తిరుగుతుంది. దిండుకు ఆనుకుని, అమ్మ డిజైన్ల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, దాని మీద రాస్తున్నాను.

కళ్లు తెరిచేసరికి సర్జనుగారు నా మీదికి వంగి ఉన్నారు. కళ్లు మూయమన్నారు. మూశాను. పళ్లు చూపించమన్నారు. చూపించాను. ఆయన వెనక్కి జరిగి నర్సుతో ఏదో అన్నారు. ఎడమ పక్క నుంచి కాబట్టి నాకు వినపడలేదు. కానీ నర్సు నవ్వింది, అది కనపడింది. తర్వాత అమ్మ వచ్చింది. ఎడమ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడింది పాపం. మత్తు దిగని నేను పలకకపోయేసరికి కంగారుపడి, చెవి సంగతి గుర్తొచ్చి, మంచం చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి మొదట్నుంచీ మళ్లీ చెప్పింది. ఇది హాస్పిటలమ్మా, మెల్లగా మాట్లాడండి అని నర్సు మందలించింది. "మా ఇంట్లో ఇది గుసగుసే" అంది అమ్మ.

అనుకున్నట్టే ఎడమ చెవి పూర్తిగా పోయింది. పోయాక తెలిసింది, అందులో మిగిలి ఉన్నది కూడా చాలా కొంచెమేనని. ఎడమ కన్ను మూతపడటం కొంచెం ఆలస్యం. పడుకునేటప్పుడు మందు వేసి టేపు అంటిస్తారు. నవ్వితే పెదవి ఎడమ మూల తర్వాత లేస్తుంది, క్లాసుకు ఆలస్యంగా వచ్చిన పిల్లలా. నరం అలిసింది గానీ తెగలేదు, నెలల్లో తేరుకుంటుంది అన్నారు. ఇప్పుడు సగమే నవ్వగలను అంటే, "ఇంతకుముందు మాత్రం పూర్తిగా ఎప్పుడు నవ్వావు?" అంది అమ్మ. చెవి వెనక జుట్టు తీసేసిన చోటు కనపడకుండా రెండు టోపీలు కుట్టింది. ఒకదానికి పువ్వు పెట్టింది. పువ్వు లేనిదే పెట్టుకుంటున్నాను. నా బిడియం ఇన్నాళ్లూ చెవి వల్లేనేమో, కణితితో పాటు అదీ పోతుందేమో అని చిన్న ఆశ ఉండేది. పోలేదు. దాని తొడుగు వేరే ఉన్నట్టుంది.

కుట్లు విప్పించుకోవడానికి వెళ్లినప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ల్యాబుకు వెళ్లాను. మాకు పేర్లు తెలియవు, దిమ్మ మీద నంబరే ఉంటుంది. కానీ నాది వచ్చిన రోజు మామయ్య ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. నన్ను చూసి, "నీది నేనే కోశానమ్మాయ్. జలుబు చేసి ఉంది. అయినా తుమ్మలేదు" అన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

డాక్టరు తన కుర్చీలోంచి లేచి నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఇన్నాళ్లూ ఎన్నిటినో కోసి అందించాను, ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. గులాబీ రంగులో పొడుగ్గా, చేపపిల్లల్లా కణాలు. వాటి నీలం గింజలు రెండు వరసలు కట్టి నిలబడ్డాయి. వరసల మధ్య ఖాళీ దారి. ఎవరో నడిచి వస్తున్నారని తెలిసి జనం వీధికి రెండు పక్కలా నిలబడినట్టుంది. నన్ను అంత ఇబ్బంది పెట్టినది అంత శుభ్రంగా, అంత అందంగా ఉంటుందనుకోలేదు. డాక్టరు నా కుడి పక్కకు వచ్చి నిలబడి, "గ్రేడు ఒకటి. అనుమానం లేదు" అంది. తర్వాత, స్లైడు అచ్చం పుస్తకంలో బొమ్మలా వచ్చిందనీ, విద్యార్థులకు చూపించడానికి ఉంచుకోవచ్చా అనీ అడిగింది. ఫొటోల్లో వెనక వరసలో దాక్కునే నేను, ఉంచుకోండి అన్నాను.

వదిలేసిన పొర ఇంకా లోపలే ఉంది. ఏటా చూసుకోవాలి. పెరిగితే అప్పుడు రేడియేషను ఇస్తారట. పెరగకుండా ఉండిపోయినవే ఎక్కువ అన్నారు. నేను సంతకం పెట్టింది సరైన చోటేనని ఇప్పుడు అనిపిస్తోంది. నువ్వూ అలాగే అనుకుంటావో లేదో రాయి. కోపం వస్తే నా మీద రానీ. అమ్మను ఏమీ అనకు. ఆవిడ రాయమని రోజూ పోరింది.

బాత్రూము బల్బు వెలుగుతోంది. చెవి నరంతో పాటు ఒళ్లు తూలకుండా నిలిపే నరం కూడా ఒక పక్క పోయింది కాబట్టి చీకట్లో కాళ్లకు నేల తెలియదని, వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పింది. ఆ సాయంత్రమే అమ్మ శపథం పక్కన పెట్టి స్టూలెక్కింది. నిన్ను తిట్టుకుంటూ బిగించింది. నువ్వు వచ్చాక సరిచేద్దువుగాని, కొంచెం వంకరగా ఉంది.

నడక మళ్లీ నేర్చుకుంటున్నాను. మొదట గోడ పట్టుకుని, ఇప్పుడు వీధి మలుపు దాకా. నడుస్తుంటే ఒకటి తట్టింది. ఇంటికొచ్చి కాగితం మీద గీసి చూసుకున్నాను కూడా. నీ మంచి చెవి ఎడమది. అందుకే ఊహ తెలిసినప్పటినుంచీ నేను నీ ఎడమ పక్కనే నడిచాను. అలా నడిస్తే నువ్వు ఎప్పుడూ నా కుడి పక్కన ఉంటావు. నాకు మిగిలిన చెవి అదే. నీ మాట ఒక్కటీ నాకు జారిపోలేదు, నా మాట నీకూ జారలేదు. నాకు చెవి పోతోందని మనిద్దరికీ తెలియకపోవడానికి కారణం అదే నాన్నా. కలిసి నడిచినంతసేపూ ఏమీ పోలేదు.

నువ్వు ఓడ దిగాక రేవు నుంచి ఇంటికి నడిచే వద్దాం. ఏమీ మార్చుకోనక్కర్లేదు. అటు నుంచి ఎవరు తిట్టినా నీకు వినపడదు, ఇటు నుంచి ఎవరు తిట్టినా నాకు వినపడదు. మధ్యలో మన మాటలు మనకుంటాయి. మరి నువ్వెక్కడ నడుస్తావని అమ్మను అడిగాను. ముందు నడుస్తుందట. తన మాట ఎక్కడున్నా వినపడుతుంది కదా.

ఇట్లు,
నీ ఎడమ పక్కన నడిచే
నీ కూతురు